హీరో చేతిలో గిటారు... మన తమ్ముడి చేతిలో?

తెర మీద హీరో గిటారు భుజాన వేసుకుని కనిపించాడంటే చాలు, నేల టిక్కెట్టు వైపు నుంచి ఓ ఈల లేస్తుంది! ఈ మోజు ఇవాళ్టిది కాదు లెండి. 1973లో హిందీ ‘యాదోంకీ బారాత్’లో జీనత్ అమన్ చేతిలో గిటారు చూసి దేశంలోని కుర్రకారు సగం మంది మతులు పోగొట్టుకున్నారు. రెండేళ్లు తిరక్కుండా అదే కథ తెలుగులో ‘అన్నదమ్ముల అనుబంధం’ అయింది. యన్.టి.ఆర్., మురళీమోహన్, బాలకృష్ణ అన్నదమ్ములు. ఆ తర్వాత మన సినిమాల్లో గిటారు లేని కాలేజీ కుర్రాడు అరుదైపోయాడు.

అయితే ఒక చిన్న సంగతి. తెర మీద గిటారు పట్టుకున్నవారు ఒకరు, వాయించినవారు మరొకరు. ఆ జీనత్ అమన్ పాటలో మనల్ని పిచ్చెక్కించిన గిటారు వాయించింది భూపీందర్ సింగ్. అవును, గజల్స్ పాడిన ఆ భూపీందరే! పోస్టర్ మీద ఆయన బొమ్మ లేదు. కానీ ఆ తీగల చప్పుడు యాభై ఏళ్లు దాటినా చెవుల్లోంచి పోలేదు.

ఇక మన ఇంటి కథకి వద్దాం. సినిమా చూసొచ్చిన తమ్ముడో, చెల్లాయో “నాకూ గిటారు కావాలి” అంటుంది. నాన్నగారు పేపరు మీంచి తలెత్తకుండా “ముందు లెక్కల్లో మార్కులు తెచ్చుకోమను” అంటారు. అమ్మ మధ్యలో పడి ఎలాగో కొనిపిస్తుంది. పది రోజులు ఇల్లంతా మోత. పదకొండో రోజు నుంచి గిటారు బీరువా పక్కన! ఎందుకంటారు?

మొదటి కారణం వేళ్లు. ఇనప తీగల మీద లేత వేళ్లు నొక్కితే కొసలు ఎర్రబడి మండుతాయి. రెండు మూడు వారాలు ఓపిక పడితే చర్మం గట్టిపడి నొప్పి తగ్గుతుంది. ఈ ముక్క ముందుగా చెప్పేవాళ్లు లేక చాలామంది పిల్లలు ‘నాకు రాదు’ అనుకుని వదిలేస్తారు. ఏడెనిమిదేళ్ల పిల్లలకి నైలాను తీగల గిటారు మంచిది. మెత్తగా వుంటుంది. పెద్దవాళ్ల సైజు కొని ‘పెరిగాక సరిపోతుందిలే’ అనకండి, గిటారేమన్నా స్కూలు నిక్కరా? పిల్లల కొలతకి తగ్గ చిన్న గిటార్లు దొరుకుతాయి.

రెండో కారణం శ్రుతి. ఆరు తీగల్లో ఒక్కటి సడలినా ఎంత సరిగా వాయించినా అపస్వరమే వస్తుంది. పాపం పిల్లవాడు తప్పు తనదే అనుకుంటాడు. ఇప్పుడు సెల్‌ఫోనులో శ్రుతి చూసుకునే సాధనాలున్నాయి, రోజూ ముందు ఆ పని చెయ్యాలి. మూడో కారణం, అన్నిటికన్నా పెద్దది... వినేవాళ్లు లేకపోవడం!

ఇక్కడే మన గోదావరి జిల్లా కథ ఒకటి చెప్పుకోవాలి. మీరు నిడదవోలు జంక్షనులో నర్సాపురం వైపు వెళ్లే బండి ఎక్కితే తణుకు, అత్తిలి, భీమవరం దాటాక పాలకొల్లు వస్తుంది. పాలకొల్లు అనగానే మనవాళ్లు అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ అని గడగడా చెప్పేస్తారు. అదే ఊళ్లో 1969 ఫిబ్రవరి 28న ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. లోకమంతా ‘మాండొలిన్ శ్రీనివాస్’ అని పిలుచుకున్న మనవాడు.

మాండొలిన్ అంటే గిటారుకి చిన్న చెల్లెలు అనుకోండి. అవే మెట్లు, అవే తీగలు, కాకపోతే బుజ్జి మేళం. తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్ ఇంట్లో వుంటే ఆరేళ్ల కుర్రాడు దాన్ని అందుకున్నాడు. “ముట్టుకోకు, పాడుచేస్తావు” అని ఆ తండ్రి లాక్కోలేదు. కొడుక్కి వేరే మాండొలిన్ కొనిచ్చి, తనే నేర్పడం మొదలుపెట్టాడు. చూశారా, అసలు మలుపు అక్కడుంది!

తర్వాత తండ్రి గురువుగారు రుద్రరాజు సుబ్బరాజు ఆ కుర్రాడి చేతివాటం గమనించారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. చిక్కేమిటంటే ఆయనకి మాండొలిన్ వాయించడం రాదు. అయినా ఆగలేదు. ఆయన కృతి పాడేవారు, కుర్రాడు విని దాన్ని తీగల మీద పలికించేవాడు. వేళ్లు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు గనక, తన దారి తనే వెతుక్కున్నాడు. గిటారిస్టు వాసూరావు పాశ్చాత్య సంగీతపు రుచి కూడా చూపించాడు.

మామూలు మాండొలిన్‌కి నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. మీటగానే ‘టింగ్’మని ఆగిపోతుంది. గమకం పలకాలంటే స్వరం సాగాలి కదా! అందుకే శ్రీనివాస్ కరెంటు మాండొలిన్ పట్టుకుని, జంటలు తీసేసి, విడి తీగలు ఐదు పెట్టుకున్నాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో తొలి కచేరీ, అప్పటికి వయసు తొమ్మిదేళ్లు. 1981 డిసెంబరులో మద్రాసు సంగీత సీజన్లో కూర్చునేసరికి పన్నెండేళ్లు. ‘విదేశీ వాయిద్యం మీద త్యాగరాజ కృతులా?’ అని ముక్కున వేలేసుకున్నవాళ్లు లేకపోలేదు. వయొలిన్ మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చిందిటా? కచేరీ విన్నాక వాళ్లే చప్పట్లు కొట్టారు. 1998లో పద్మశ్రీ వచ్చింది. గిటారు ప్రపంచంలో మొనగాడు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన, జాకీర్ హుస్సేన్ తబలాతో ‘రిమెంబర్ శక్తి’ బృందంలో మన పాలకొల్లు కుర్రాడు దేశదేశాలు తిరిగి వాయించాడు.

2014 సెప్టెంబరు 19న చెన్నైలో వెళ్లిపోయాడు. నలభై అయిదేళ్లకే. ఇంకా పాతికేళ్లు వినాల్సినవాడు... ఆ లోటు తీరేది కాదు.

ఈ కథ చెప్పింది ప్రతి ఇంట్లోనూ ఒక శ్రీనివాస్ వున్నాడనడానికి కాదు సుమండీ! అలాంటివాడు నూరేళ్లకి ఒకడు. పిల్లల నెత్తిన ఆ బరువు పెడితే వున్న సరదా కాస్తా చచ్చిపోతుంది. నెల తిరక్కుండా టీవీ పోటీకి లాక్కెళ్లడం మరీ అన్యాయం. చెప్పదలచుకున్నది వేరు. ఊళ్లో ఆ వాయిద్యానికి గురువు లేడు, పుస్తకం లేదు, సెల్‌ఫోనులో పాఠాలు అసలే లేవు. వున్నది తన వాయిద్యం ముట్టుకోనిచ్చిన తండ్రి, ఎదురుగా కూర్చుని పాడి, విన్న గురువు. ఇవాళ నిడదవోలులో కుర్రాడికి సెల్‌ఫోనులో వెయ్యి పాఠాలు దొరుకుతాయి. ఆ ఫోను అతనికి చూపిస్తుంది, చెబుతుంది, కానీ ఎదురుగా కూర్చుని వినదు. “ఏదీ, నిన్నటి పాట ఇంకోసారి వాయించు” అని అడగదు. అది మనం చెయ్యాల్సిన పని.

వయసు దాటిపోయిందని దిగులుపడే అన్నయ్యలకీ ఒక మాట. ఇళయరాజాగారు తమిళనాడులో మారుమూల పల్లె నుంచి మద్రాసు వచ్చాక, పెద్దయ్యాకే ధన్‌రాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. ఆయన పాటల్లో గిటారు ఎంత ముద్దుగా పలుకుతుందో నేను చెప్పాలా?

మొట్టమొదటిసారి మూడు వేళ్లూ సరిగ్గా కుదిరి, ఆరు తీగలూ కలిసి ‘ఝుమ్’మన్నప్పుడు పిల్లల మొహం చూడండి. వంద రోజుల సినిమాలో కూడా అంత వెలుగు కనపడదు! కనుక పాఠక మిత్రులారా, మీ ఇంట్లో బీరువా పక్కన గిటారు వుంటే ఈ ఆదివారం దుమ్ము దులపండి. శ్రుతి చేయించండి. తమ్ముణ్ణి కూర్చోబెట్టి పావుగంట వినండి. తప్పులు వాయిస్తాడు, వాయించనివ్వండి. మ్యాట్నీకి ఇంకా టైముందిగా!