ఎవరి పేరు మోస్తున్నాం?

ఉప్పల్‌లో క్రికెట్ మ్యాచ్ ఉందంటే చాలు, స్టేడియం మెట్రో స్టేషన్ చుట్టుపక్కల రోడ్డు పొడవునా ఆరెంజ్ జెర్సీలు వేలాడతాయి. మ్యాచ్ లేని రోజుల్లోనూ మన బజార్లలో బట్టలకంటే వాటి మీది పేర్లే ముందు కనబడతాయి. గుచ్చి, బాలెన్సియాగా, లూయీ విటాన్, బర్బెరీ అని ఛాతీ నిండా అక్షరాలున్న టీషర్టు మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. ఆ కంపెనీల షోరూమ్ ఉప్పల్‌లో గానీ నాచారంలో గానీ ఒక్కటీ లేదు. అసలు చొక్కా ఒక్కటి కొనాలంటే నాచారం గార్మెంట్ యూనిట్‌లో కుట్టుమిషన్ ముందు కూర్చునే చెల్లెలి నెల జీతం ఏ మూలకూ రాదు. అయినా ఆ పేర్లు మన యౌవనస్థులకు కంఠతా వచ్చు.

ఫ్యాషన్ సంగతి సంఘపు పత్రికకు ఎందుకని కొందరు అడగవచ్చు. పండుగ బట్టల దగ్గర, పెళ్లి బట్టల దగ్గర మన ఇళ్లలో వచ్చే పేచీలు గమనించండి. గుడ్డ మంచిదా కాదా అన్న మాట వెనక్కి పోయింది. ఏ కంపెనీదన్నదే ముందుకొచ్చింది. బ్రాండెడ్ షూ లేదని యూత్ మీటింగ్‌కు రావడం మానుకునే పిల్లలున్నారు. ఆ షూ కోసం ఈఎంఐ కట్టే తల్లిదండ్రులున్నారు. కనుక ఈ పేర్లు ఎక్కడ పుట్టాయో, ఎలా పెరిగాయో, ఈమధ్య ఎందుకు తరచూ నవ్వులపాలవుతున్నాయో తెలుసుకోవడం మనకు అవసరమే.

లోగో మొదట అతిశయం కోసం పుట్టలేదు. ప్యారిస్‌లో పెట్టెలు తయారుచేసే లూయీ విటాన్ 1892లో చనిపోయాడు. తండ్రి పెట్టెలను అచ్చుగుద్దినట్టు నకలు చేసి అమ్ముతున్నవారి బెడద తట్టుకోలేక 1896లో కొడుకు జార్జ్ ఒక గుర్తు గీయించాడు. తండ్రి పేరులోని రెండు అక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకున్నట్టు ఉంటాయి, చుట్టూ పువ్వులు. ఇది మా చేతి పని, దీనికి మేం పూచీ అని చెప్పడం దాని ఉద్దేశం. నకిలీని ఆపడానికి పుట్టిన ఆ గుర్తే తర్వాతి కాలంలో ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా నకిలీ అయ్యే గుర్తుల్లో ఒకటైంది. దీనికి కారణం ఉంది. పెట్టె గట్టిదనాన్ని నకలు చేయడం కష్టం, పెట్టె మీది బొమ్మను నకలు చేయడం తేలిక. కొనేవాడికి బొమ్మే చాలనిపించిన రోజున నకిలీవాడి పని సగం అయిపోయినట్టే.

బర్బెరీ అనుభవం ఇంకా స్పష్టమైనది. ఆ ఇంగ్లండు కంపెనీ గళ్ల గుడ్డ 1920లలో వానకోటు లోపలి అస్తరుగా మొదలైంది. అంటే అది బయటికి కనిపించేదే కాదు, తొడుక్కున్నవాడికి మాత్రమే తెలిసేది. 2000 తర్వాత మొదటి కొన్నేళ్లలో ఆ గళ్లు టోపీలకు, గొడుగులకు, చివరికి కుక్కలకు తొడిగే కోట్లకు కూడా ఎక్కాయి. నకిలీలు వెల్లువెత్తాయి. ఇంగ్లండులో కొన్ని పబ్బులు ఆ గళ్ల టోపీ పెట్టుకున్నవాళ్లను లోపలికి రానివ్వబోమన్నాయి. చివరికి కంపెనీయే 2004లో ఆ టోపీని ఆపేసి, తన గుర్తును తానే దాచుకోవలసి వచ్చింది. అక్కడితో కథ అయిపోలేదు. 2017లో అమ్ముడుపోని 2 కోట్ల 86 లక్షల పౌండ్ల సరుకును అదే కంపెనీ నాశనం చేసిందని మరుసటి ఏడాది బయటపడింది. తక్కువ ధరకు అమ్మితే పేరు పలచబడుతుందన్న భయంతో ఖరీదైన కంపెనీలు ఈ పని చేస్తుంటాయి. జనం ఛీకొట్టాక 2018 సెప్టెంబరులో ఆ పద్ధతి మానేస్తున్నామని బర్బెరీ ప్రకటించింది. పేరు చల్లగా ఉండాలని కొత్త బట్టలను కాల్చేసే దాకా వెళ్లిందంటే, ఆ పేరు అప్పటికే బట్టను మించిపోయిందని అర్థం.

మన స్టేడియంలో మనం కేకలు వేసే భారత జట్టు చొక్కా కూడా ఇదే పాఠం చెబుతుంది. 2001 నుంచి పన్నెండేళ్లపాటు దాని మీద సహారా పేరుంది. మదుపరుల సొమ్ము తిరిగి ఇవ్వాలని ఆ గ్రూపు కంపెనీలను 2012లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2019లో వచ్చిన బైజూస్ మీద 2024లో దివాలా ప్రక్రియ మొదలైంది. 2023లో వచ్చిన డ్రీమ్ ఎలెవన్, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేయగానే తప్పుకుంది. ఛాతీ మీద పెద్దగా ఉన్నంత మాత్రాన ఒక పేరు నమ్మదగినది కాదు. మన పిల్లలు ఆ పేర్లన్నిటినీ డబ్బిచ్చి కొని, ఊరికే ప్రచారం చేసిపెట్టారు.

ఇక సోషల్ మీడియా సంగతి. ఒకప్పుడు ఒక ప్రకటన బయటికి రావాలంటే పదిమంది పెద్దల కళ్లు దాటాలి. ఇప్పుడు ఫోన్‌లో ఒక్క మీట చాలు. 2018 నవంబరులో ఇటలీకి చెందిన డోల్చే అండ్ గబ్బానా షాంఘైలో పెద్ద ఫ్యాషన్ షో పెట్టుకుంది. దానికి ముందు విడుదల చేసిన చిన్న వీడియోలలో ఒక చైనా యువతి పుల్లలతో పిజ్జా తినడానికి తంటాలు పడుతుంటే వెనుక నుంచి ఒక గొంతు నేర్పిస్తుంటుంది. చైనా ప్రజలకు అది ఎగతాళిగా తోచింది. ఆపైన కంపెనీ స్థాపకుల్లో ఒకరి ఇన్‌స్టాగ్రామ్ ఖాతా నుంచి చైనాను తిడుతూ పంపిన సందేశాలు బయటికొచ్చాయి. ఖాతా హ్యాక్ అయిందని కంపెనీ చెప్పింది. షో రద్దయింది. చైనా ఆన్‌లైన్ అంగళ్లు ఆ సరుకును తీసేశాయి. స్థాపకులిద్దరూ వీడియోలో క్షమాపణ అడిగారు.

మూడు నెలలు తిరగకుండానే, 2019 ఫిబ్రవరిలో, గుచ్చి 890 డాలర్ల నల్ల స్వెటర్ ఒకటి ఉపసంహరించుకుంది. మెడ భాగాన్ని ముఖం మీదికి లాక్కుంటే నోటి చుట్టూ లావుపాటి ఎర్రటి పెదవులు కనబడే ఆ స్వెటర్ నల్లజాతివారిని వెక్కిరించే పాత వేషాల్ని గుర్తుచేసింది. 2022 నవంబరులో బాలెన్సియాగా చేసిన పని తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవాలి. పండుగ కానుకల ప్రకటనల్లో చిన్నపిల్లల చేతికి ఎలుగుబంటి బొమ్మల సంచులిచ్చి ఫొటోలు తీశారు. ఆ బొమ్మలకు బిగించిన తోలు పట్టీలు పెద్దల అశ్లీల వేషధారణకు చెందినవి. ప్రపంచమంతా మండిపడ్డాక ప్రకటనలు తీసేసి క్షమాపణ చెప్పారు. ఆ కంపెనీ పేరున్న నకిలీ టీషర్టు మన వీధుల్లో తొడుక్కుని తిరిగే కుర్రవాడికి ఈ సంగతి తెలిసి ఉండకపోవచ్చు. అయినా ఆ పేరును ఉచితంగా మోసేది అతని భుజాలే.

ఇవన్నీ పొరపాట్లేనా? కొన్ని అజ్ఞానం వల్ల, కొన్ని అహంకారం వల్ల జరిగి ఉండవచ్చు. కానీ వీటి వెనుక ఒక వ్యాపార సూత్రం ఉంది. సోషల్ మీడియాలో చూపు నిలిపినవాడిదే లాభం. మర్యాదగా ఉన్న ప్రకటనను జనం వేలితో తోసేస్తారు, ఉలిక్కిపడేలా చేసినదాన్ని పదిమందికి పంపుతారు. గుడ్డ గురించి చెప్పేది అయిపోయినప్పుడు గోల గురించే ఆలోచన మొదలవుతుంది. లోగో సైజు పెరగడానికీ, ప్రకటన హద్దు దాటడానికీ మూలం ఒక్కటే. ఎలాగైనా నన్ను చూడాలి.

ఇంతగా తన పేరు చూపించుకునే ఈ వ్యాపారంలో ఒక పేరు మాత్రం ఎక్కడా కనబడదు. అది చేసినవాడి పేరు. 2024 జూన్‌లో మిలాన్ కోర్టు డియోర్ కంపెనీ ఇటలీ విభాగం ఒకదాన్ని కోర్టు పర్యవేక్షణలో పెట్టింది. ఉప కాంట్రాక్టు కార్ఖానాల్లో కార్మికులను పీడిస్తున్నా పట్టించుకోలేదన్నది అభియోగం. ముడిసరుకు ధర పక్కన పెడితే 53 యూరోలకు చేయించుకున్న చేతిసంచిని దుకాణంలో 2,600 యూరోలకు అమ్మారని ఆ విచారణలో బయటికొచ్చింది. కంపెనీ దిద్దుబాట్లు చేసుకున్నాక 2025లో ఆ పర్యవేక్షణను ఎత్తేశారు. ఆ 53 యూరోల లెక్కను మాత్రం ఎవరూ మరిచిపోలేదు.

2025 జూన్‌లో మిలాన్ వేదిక మీద ప్రాడా మోడళ్లు తొడుక్కొచ్చిన చెప్పులు చూసి మన దేశంలో చాలామంది ఇవి కొల్హాపురీలే కదా అన్నారు. కొల్హాపురీ చెప్పులకు మహారాష్ట్ర, కర్ణాటకల్లోని ఎనిమిది జిల్లాల పేరిట 2019 నుంచే భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా ఆ వేదిక మీద కొల్హాపూర్ మాటే రాలేదు. సోషల్ మీడియాలో నిరసన లేచాక, ఆ చెప్పులకు భారతీయ హస్తకళే ప్రేరణ అని కంపెనీ ఒప్పుకుంది. డిసెంబరులో రెండు రాష్ట్రాల తోలు పరిశ్రమ సంస్థలతో ఒప్పందం చేసుకుని, దాదాపు 2,000 జతలు ఇక్కడి పనివారితోనే చేయిస్తామంది. జత ధర సుమారు 800 యూరోలట. తోలు పని చేసే చేతులను తరతరాలుగా అంటరానివిగా చూసిన దేశం మనది. ఆ చేతుల పనితనాన్ని పెద్ద వేదిక ఎక్కించి ఆ చేతుల పేరు దాచేస్తే, అది పాత అవమానానికి కొత్త తొడుగు. మన సంఘాల్లో చాలా కుటుంబాలకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. అదే సోషల్ మీడియా ఈసారి న్యాయం వైపు పనిచేసిందని కూడా గుర్తించాలి.

ఉప్పల్ నుంచి గంటకు కాస్త అటూఇటూ ప్రయాణంలో భూదాన్ పోచంపల్లి ఉంది. అక్కడి చీర మీద ఎవరి లోగో ఉండదు. నేతకు ముందే నూలుకు ముడులు కట్టి, రంగులద్ది, ఆ లెక్క తప్పకుండా మగ్గం మీద కలిపితే వచ్చే డిజైనే దాని సంతకం. 2005లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఆ డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద అచ్చువేసి పోచంపల్లి పేరుతో అమ్మేవారున్నారు. తెలుసుకోవడం కష్టం కాదు. అసలైన ఇక్కత్ రెండు వైపులా ఒకేలా కనబడుతుంది, అచ్చువేసినది వెనక్కి తిప్పితే వెలవెలబోతుంది. 2006లో వచ్చిన చేనేత మార్క్ ఉందేమో కూడా చూడవచ్చు. ఆ మార్క్ కొన్నవారి హోదా చాటడానికి పెట్టింది కాదు. నేసినవారి కష్టానికి సాక్ష్యం. మొదట్లో జార్జ్ విటాన్ కోరుకున్నదీ అలాంటిదే.

ఇక మన వైపు చూసుకుందాం. వేలికి ఉంగరం, ఒంటికి ఖరీదైన బట్టలు ఉన్నవాడొకడు, మాసిన బట్టల పేదవాడొకడు లోపలికి వస్తే ఎవరికి ఎక్కడ చోటిస్తారని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో సంఘాన్ని నిలదీశాడు. ఆ ప్రశ్న నేటికీ పాతబడలేదు. 2019లో అమెరికాలో ఒకరు, పేరున్న బోధకుల బూట్ల ఫొటోల పక్కన వాటి ధర మాత్రం రాసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం మొదలుపెట్టారు. వ్యాఖ్యానం అక్కరలేకపోయింది, ధరే మాట్లాడింది. మన దగ్గర బూట్ల సంగతి అటుంచి ఫ్లెక్సీలు చూడండి. కూడికల ఫ్లెక్సీ మీద, క్యాలెండర్ మీద, యూట్యూబ్ వీడియో మూల మీద బోధకుని ముఖం, పరిచర్య లోగో ఎంత పెద్దవి, క్రీస్తు పేరు ఎంత చిన్నది? బర్బెరీ గళ్లకు పట్టిన గతి సేవకుల పేర్లకు పట్టదన్న హామీ ఏమీ లేదు.

మంచి బట్ట కట్టుకోవద్దని మేము చెప్పడం లేదు. వారమంతా యూనిఫాంలో గడిపిన కార్మికురాలు ఆదివారం కొత్త చీర కట్టుకుని మందిరానికి వస్తే అది సంతోషించవలసిన విషయం. మేము కోరేది కొన్ని చిన్న పనులు. కొనే ముందు గుడ్డను చేత్తో పట్టుకుని, కుట్టు చూసి, ఆ తర్వాతే పేరు చూడండి. నకిలీ లోగోతో సరుకు అమ్మడం 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పడే నేరమని చిన్న వ్యాపారం చేసుకునే మన సోదరులకు తెలియజెప్పండి. పేరు లేని మంచి చొక్కా అమ్ముకోవడంలో ఏ తప్పూ లేదు. రీల్స్‌లో ఎవరైనా ఒక బ్రాండును పొగిడితే, డబ్బు గానీ బహుమతి గానీ పుచ్చుకున్నప్పుడు ఆ మాట వాళ్లు స్పష్టంగా చెప్పాలని 2023 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చిందని మీ పిల్లలకు చెప్పండి. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా ఉంది.

సంఘ పెద్దలకు మరో మనవి. ఈసారి యూత్ మీటింగ్‌లో గార్మెంట్ యూనిట్‌లో పనిచేసే ఒక అక్కను నిలబెట్టి, ఒక చొక్కా ఎన్ని చేతులు మారితే తయారవుతుందో చెప్పించండి. కాలర్ కుట్టేదెవరు, కాజాలు తీసేదెవరు, రోజుకు ఎన్ని ముక్కలు పూర్తిచేయాలి, నడుము ఎప్పుడు పట్టేస్తుంది అన్నది పిల్లలు ఆమె నోటి నుంచే వినాలి. లోగో కుట్టిన చెయ్యి తమ పక్క వరుసలోనే కూర్చుని ఉందని తెలిసిన పిల్లవాడు, ఆ లోగో లేదని సంఘానికి రావడం మానుకోడు.