గాజు మీద గాజు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి గాజుపలకల గొడవ ఎందుకంటారా? మహబూబాబాదులో 2022లోనూ, జనగామ, భూపాలపల్లిలలో 2023లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఒంట్లోంచి తీసిన ముక్కను వెంట్రుక కంటె పల్చగా కోసి, రంగులద్ది, పైన కవర్‌స్లిప్ అనే సన్నని గాజురేకు కప్పడం ఇక మన ఊళ్ల పని కూడాను.

చేత్తో కప్పేవారు డి.పి.ఎక్స్. అనే జిగురు చుక్క వేసి, అప్పడాన్ని నూనెలోకి జార్చినట్టు, ఒక అంచునుంచి రేకును మెల్లగా దించుతారు. ఆ జిగురు వెలుతురును ఇంచుమించు గాజులాగే వంచుతుంది. మధ్య గాలిబుడగ చిక్కిందా, దానికింద ఉన్నది సరిగా కనబడదు. గాజు కప్పే యంత్రాలున్నాయి, ప్లాస్టిక్ ఫిలిం అంటించేవీ ఉన్నాయి. ఫిలిం పని చురుకే గాని, గీతలు పడుతుంది, ఏళ్లు గడిస్తే ఊడనూవచ్చు.

రోజుకు వందల స్లైడ్లు చేసే పట్నపు ఆసుపత్రికి యంత్రం న్యాయమే. పదో ఇరవయ్యో చేసే చోట నా ఓటు చేతికే. మిగిలిన డబ్బుతో జైలీను ఆవిరిని బయటికి లాగే ఏర్పాటు చేయించాలి; కప్పే మనిషి పీల్చేది దాన్నే గదా! జిగురు మాత్రం ఒక రాత్రయినా ఆరనివ్వాలి. రెండో డాక్టరుకు చూపించాలని రోగి ఆ స్లైడునే రుమాల్లో చుట్టుకుని హైదరాబాదు బస్సెక్కుతాడు. పచ్చిగా ఇచ్చారా, గాజురేకు దారిలోనే జారుతుంది.