రేటు పెరిగితే కూలి పెరిగినట్టేనా?

దిర్హాం రేటు పెరిగిందంటే దుబాయి పోయినోళ్లకు పండగేనని ఊళ్లో అనుకుంటారు. లెక్క చూద్దాం.

ఒకప్పుడు అక్కడ చెల్లింది మన రూపాయే. 1959లో రిజర్వుబ్యాంకు గల్ఫ్ కోసం వేరే నోటు వేసింది. విలువ మాత్రం మన రూపాయితో సమానం. 1966 జూన్ 6న ఢిల్లీ పాలకులు రూపాయి విలువ తగ్గించారు. 4 రూపాయల 76 పైసలున్న డాలరు 7 రూపాయల 50 పైసలయింది. గల్ఫ్ రూపాయీ దాంతోపాటే పడింది. దుబాయి, ఖతార్ దాన్ని వదిలేసి పాత విలువకే రియాల్ పెట్టుకున్నాయి. అంతదాకా రూపాయికి రూపాయి. ఆ తర్వాత రియాల్‌కు రూపాయిన్నర పైమాటే. 1973లో రియాల్ స్థానంలో దిర్హాం వచ్చింది. 2022లో అది 22 రూపాయలు దాటింది.

మరి కరీంనగర్, నిజామాబాద్ కూలీకి దక్కిందెంత? రూపాయి పడితే ఇంటికాడ డీజిలు, వంటనూనె పిరమవుతాయి. ఏజెంటుకు కట్టిన అప్పు మీద వడ్డీ ఆగదు. రూపాయి పడినకొద్దీ తక్కువ దిర్హాములకే మనిషి దొరుకుతాడని యజమాని లెక్క. 2020 సెప్టెంబరులో కేంద్రం ఆ లెక్కకే వంత పాడింది. ఎమిరేట్స్, ఖతార్ కొలువులకు నెలకు కనీసం 200 డాలర్లు చాలంది. కార్మికులు ఆందోళన చేసి, వ్యవహారం హైకోర్టుకెక్కాక, 2021లో వెనక్కి తగ్గింది.

రేటు మన చేతిలో లేదు. కూలి కోసం కొట్లాట మన చేతిలో ఉంది. కాగితం మీద ఎన్ని దిర్హాములు రాశారో చదివించుకున్నాకే వేలిముద్ర వేయండి. ఒంటరిగా పోకండి, సంఘంగా అడగండి.