దీపావళి మోతల వేళ కుక్కలకు భయం తగ్గించే ఏర్పాట్లపై కాలనీ సంఘం తీర్మానం

విశాఖపట్నంలోని మా కాలనీ నివాసుల సంక్షేమ సంఘం సర్వసభ్య సమావేశం వినాయక చవితికి ముందు వచ్చిన ఆదివారం నాడు కమ్యూనిటీ హాలులో జరిగింది. అజెండాలోని మూడో అంశంపై చర్చ ముగిశాక ఈ కింది తీర్మానాన్ని ఆమోదించడమైనది.

టపాకాయల మోతకు కుక్కలు బెదిరిపోవడం మన కాలనీలో ఏటా కనిపిస్తున్నదే. ఇళ్లలో పెరిగేవి మంచం కిందో బాత్‌రూమ్ మూలనో దూరి వణుకుతాయి, రొప్పుతాయి, చొంగ కారుస్తాయి, ఇష్టమైన తిండి పెట్టినా ముట్టవు. వీధిలో ఉండేవి తమ చోటు వదిలి పరుగు తీసి, తిరిగి వచ్చే దారి తెలియక బండ్ల కింద పడుతుంటాయి. ఇది మొండితనమూ కాదు, గారాబంతో వచ్చిన చెడు అలవాటూ కాదు. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్ దాటిన ధ్వని అందదు; కుక్క దాదాపు 45,000 హెర్ట్జ్ వరకు వింటుంది. నివాస ప్రాంతంలో రాత్రిపూట శబ్దం 45 డెసిబెల్స్ దాటరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతుండగా, ఒక్క టపాకాయకు నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ వరకు చట్టం అనుమతిస్తున్నది. రెండు మేడల మధ్య ఇరుకు సందులో అది పేలితే ఎలా ఉంటుందో సభ్యులందరికీ తెలుసు.

మోత ఎంత పెద్దదో అన్నదానికంటే, అది ఎప్పుడు, ఎటు నుంచి వచ్చి పడుతుందో తెలియకపోవడమే ఆ జీవాన్ని ఎక్కువగా కుంగదీస్తుందని సభ అభిప్రాయపడుతున్నది. భారతంలో ఆదిపర్వం మొదట్లోనే, ఏ తప్పూ చేయని కుక్కపిల్లను జనమేజయుని తమ్ముళ్లు కొడితే, దాని తల్లి సరమ రాజు ఎదుటికే వచ్చి న్యాయం అడిగింది. అకారణంగా బాధ పెట్టినవారికి అనుకోని భయం కలుగుతుందని చెప్పి వెళ్లింది. ఆ అనుకోని భయాన్నే పండగ పేరుతో మనం కుక్కలకు పెడుతున్నాం. తలుపులు మూసుకుని ఒక కుటుంబం తన కుక్క కోసం ఎంత చేసినా, పై అంతస్తు నుంచి అర్ధరాత్రి ఒక్క బాంబు పేలితే అంతా వృథా. అందుకే ఇది ఇంటింటి వ్యవహారం కాక సంఘం తీసుకోవలసిన నిర్ణయమైంది.

కావున, దీపావళి నాడు రాత్రి 8 గంటల నుంచి 10 గంటల వరకు మాత్రమే, కాలనీ తూర్పు వైపున్న ఖాళీ స్థలంలో మాత్రమే పేలుడు టపాకాయలు కాల్చాలని సభ తీర్మానిస్తున్నది. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు దీపావళికి నిర్ణయించిన వేళ కూడా ఇదే. సెల్లార్లలో, మెట్ల దగ్గర, బాల్కనీల నుంచి కాల్చరాదు. వెయ్యివాలా వంటి దండల టపాకాయలను అదే తీర్పు నిషేధించింది కనుక అవి కాలనీలోకే రాకూడదు. నరక చతుర్దశి తెల్లవారుజామున తలంటికి ముందు బాంబు పేల్చే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు టపాకాయల మోతను సుప్రీంకోర్టు 2005లోనే కూడదన్నది కనుక ఆ అలవాటు మానాలి. పిల్లలు నాగుల చవితికి దాచుకునే టపాకాయలకూ ఇదే వేళ, ఇదే చోటు. గోగుకాడల దివిటీలు, కాకరపువ్వొత్తులు, మతాబులు, చిచ్చుబుడ్లు ఎవరి గుమ్మం ముందు వారు నిరభ్యంతరంగా కాల్చుకోవచ్చు.

పిల్లల సరదాకు ఇది అడ్డు అని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. వారి మాటను నమోదు చేయడమైనది. రెండు గంటల పాటు ఒకేచోట అందరూ కలిసి కాల్చుకుంటే సరదా తగ్గదని, చంటిపిల్లలకు, గుండెజబ్బు ఉన్న పెద్దలకు కూడా ఊరట దొరుకుతుందని అత్యధికులు భావించారు.

కుక్కలు పెంచే కుటుంబాలు పండగ నాటి సాయంత్రం కోసం ఆగకుండా ఇప్పటి నుంచే మొదలుపెట్టాలని సభ గట్టిగా కోరుతున్నది. టపాకాయల చప్పుడు రికార్డును ఫోనులో వినీ వినపడనంత సన్నగా పెట్టి, వింటున్నంతసేపూ ఉడికించిన కోడిమాంసం ముక్కలో పెరుగన్నమో అందించాలి. కుక్క చెవులు వెనక్కి వాల్చకుండా హాయిగా తింటేనే మర్నాడు ఒక మెట్టు పెంచాలి. బెదిరితే వెంటనే తగ్గించాలి. వారాలు పట్టే పని ఇది, తొందర పనికిరాదు. పండగ నాడు కూడా మోత వినపడిన ప్రతిసారీ ఒక ముక్క పెట్టడం, ఆడించడం మానకూడదు. 2020లో ప్రచురితమైన ఒక సర్వేలో, ఇలా చేసిన యజమానుల్లో 70 శాతానికి పైగా తమ కుక్కకు మేలు జరిగిందని చెప్పారు.

భయపడిన కుక్కను దగ్గరికి తీస్తే భయం ముదురుతుందన్న మాట మన కాలనీలో బాగా నాటుకుపోయింది. అది నిజం కాదు. ఒళ్లోకి వస్తే రానివ్వాలి, నిమరాలి. దాక్కుంటే బయటికి లాగకూడదు, అరవకూడదు, అలవాటు కావాలని టపాకాయల దగ్గరికి అసలే తీసుకెళ్లకూడదు. ఆ రోజు చీకటి పడకముందే తిప్పి తెచ్చి, తిండి పెట్టి, వీధి వైపు కిటికీ లేని గదిలో పాత దుప్పటి పరచి, కర్టెన్లు వేసి, ఫ్యానో టీవీనో ఆన్ చేసి ఉంచాలి. గొలుసుతో కట్టేయడం, బాల్కనీలో వదిలేయడం, ఒంటరిగా ఉంచి ఊరెళ్లడం పండగ రోజుల్లో మానాలి. మిఠాయి పళ్లేలతో వచ్చే బంధువులకు తలుపు తీసినప్పుడే ఎక్కువ కుక్కలు తప్పించుకుంటాయి. కాబట్టి మెడపట్టీకి ఫోన్ నంబరు తగిలించి ఉంచాలి.

మందుల విషయంలో సభ మాట కచ్చితం. మితిమీరి భయపడే కుక్కను కనీసం వారం ముందే పశువైద్యునికి చూపించాలి. భయాన్ని నిజంగా తగ్గించే మందులు ఉన్నాయి, అవి డాక్టరు రాసిన మోతాదులోనే ఇవ్వాలి. మనుషుల నిద్రమాత్రలు, పారాసిటమాల్ ఇవ్వడం ప్రాణాపాయం. ఏసీపీ అని పిలిచే మత్తు మందు ఒక్కటే ఇస్తే కుక్క కదలలేక పడి ఉంటుందే తప్ప లోపలి భయం తగ్గదు కనుక, దాని గురించి డాక్టరును ప్రత్యేకంగా అడగాలి.

వీధి కుక్కల బాధ్యత కూడా మనదే. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు వాటి తిండి ఏర్పాటును నివాసుల సంఘాలకే అప్పగించాయి. పండగ రోజుల్లో సాయంత్రం 6 గంటలకే వెనుక గేటు దగ్గర తిండి, నీళ్లు పెట్టి, వెనుక సెల్లారులో ఒక మూలను గోనెపట్టాలతో వాటికి విడిచిపెట్టాలి. వాచ్‌మన్ తరిమేయరాదు. కుక్కలంటే భయమున్న సభ్యులు ఉన్నారు. బెదిరిన కుక్క కరవవచ్చన్న వారి ఆందోళన సబబైనదే. అందువల్ల పిల్లలు ఆ వైపు వెళ్లకుండా తాడు కట్టి బోర్డు పెట్టాలి. బండి తీసేముందు కింద చూసుకోవాలి. తోకకు టపాకాయ కట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరం. ఎవరు చేసినా సంఘమే పోలీసులకు ఫిర్యాదు చేస్తుంది. పేలని టపాకాయలు, మందు కాగితాలు కుక్కలు కొరకకుండా మర్నాడు ఉదయం 7 గంటలకే ఊడ్పించాలి.

పెళ్లి ఊరేగింపులు, క్రికెట్ గెలుపులు, జనవరి ఒకటి రాత్రి కాల్చే టపాకాయలకు ఒకరోజు ముందుగా కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలియజేయాలి.

పై ఏర్పాట్ల ఖర్చు సంఘం నిర్వహణ నిధి నుంచి భరించాలని, అమలు బాధ్యత ఉప కార్యదర్శికి అప్పగించాలని, తీర్మానం ప్రతులను ప్రతి బ్లాకు నోటీసు బోర్డుపై అంటించి స్థానిక పోలీస్ స్టేషనుకు, వార్డు సచివాలయానికి పంపాలని నిర్ణయించడమైనది.

ప్రతిపాదించినవారు: సంఘం కార్యదర్శి. బలపరచినవారు: రెండో బ్లాకు ప్రతినిధి. అత్యధిక సభ్యుల ఆమోదంతో నెగ్గినది.