పాత సామానుకు కాటా ధర చాలదు

గోలేటి: వేలంలో పాత వస్తువుకు పాట పాడే వర్తకుడు రెండు ధరలు కట్టుకోవాలి. మొదటిది లోహం ధర. అది కాటా మీద తేలుతుంది. రెండవది ఆ వస్తువు చరిత్రకు వచ్చే ధర. అది కాగితం మీద తేలుతుంది. బొగ్గు ప్రాంతంలో పాత సామాను మొదటి ధరకే చేతులు మారితే అమ్మినవారికీ నష్టమే, కొన్నవారికీ నష్టమే.

సింగరేణి బెల్లంపల్లి ఏరియాకు గోలేటి కేంద్రం. భూగర్భ గనుల స్థానాన్ని ఖైరిగూడ వంటి ఓపెన్‌కాస్టులు ఆక్రమించిన ప్రాంతమిది. ఒక బాయి మూతపడితే దాని లాంప్ రూం సామాను, ఇత్తడి టోకెన్లు, టబ్బులు, హాలేజీ చక్రాలు పని లేక మూల పడతాయి. అటుపిమ్మట అటువంటి సామానుకు దారి తుక్కు లాటు ఒక్కటే. తుక్కు వేలాల షరతు వర్తకులకు కంఠతా వచ్చినదే: ‘ఎక్కడున్నది అక్కడే, ఎట్లున్నది అట్లే’. లాటుకు టన్నుల లెక్క వుంటుంది గాని వస్తువుల లెక్క వుండదు.

సేఫ్టీ లాంపునే తీసుకుందాం. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ రూపొందించిన ఈ దీపంలో మంట చుట్టూ సన్నని తీగ జాలీ వుంటుంది. గాలిలో మీథేన్ కలిస్తే మంట మీద నీలి టోపీ కనిపిస్తుంది. ఆ వాయువు 5 నుంచి 15 శాతం మధ్య వుంటే పేలుడుకు అనువైనది. కనుక ఆ నీలి టోపీని చూసి ఎందరో కార్మికులు ప్రాణాలు దక్కించుకున్నారు. అటువంటి దీపం కరిగితే మిగిలేది కొద్దిపాటి ఇత్తడి మాత్రమే.

బ్రిటన్ మార్కెట్టులో పరిస్థితి వేరు. అక్కడ చివరి లోతు బొగ్గుగని కెల్లింగ్లీ 2015 డిసెంబరులో మూతపడింది. గని దీపాలకు, టోకెన్లకు అక్కడ ప్రత్యేకంగా సేకర్తలున్నారు. వేలాలలో వాటిని ఒక్కొక్కటిగా పాడతారు. తయారీదారు పేరు, దీపం నెంబరు, అది ఏ గనిలో వాడినది అన్న ఆధారం వుంటే గిరాకీ హెచ్చు. అలంకారం కోసం చేసిన కొత్త దీపాలు కూడా పాతవాటి పేర చెలామణి అవుతున్నందున ఆధారం లేని సరుకుకు పాటదారు వెనకాడతాడు.

సింగరేణి సామానుకు ఆధారం కొరవడవలసిన పని లేదు. 1886లో లండనులో హైదరాబాద్ (దక్కన్) కంపెనీగా ఏర్పడి, 1920లో సింగరేణి కాలరీస్‌గా మారి, 1945లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చిన సంస్థ ఇది. ఇంత పొడుగు చరిత్ర వున్న అమ్మకందారు దేశంలో అరుదు.

నిజాం నగల ఉదంతం కూడా వర్తకులు మననం చేసుకోదగినది. ఏడవ నిజాం ట్రస్టులకు అప్పగించిన ఆభరణాల అమ్మకానికి 1979లో టెండర్లు పిలిచారు. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లడంతో అమ్మకం నిలిచిపోయింది. చివరకు 1995లో జాకబ్ వజ్రంతో సహా 173 నగలను కేంద్ర ప్రభుత్వమే సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. సరుకు మేలిమిపై ఎవరికీ సందేహం లేదు. అయినా పదహారేళ్లు బేరం తెగలేదు. పాత వస్తువు విషయంలో ఎవరికి అమ్మవచ్చు, ఎక్కడికి పోవచ్చు అన్నవి కూడా ధరలో భాగమేనని దీని తాత్పర్యం.

1972 నాటి పురావస్తువుల చట్టం ఆ భాగాన్ని నిర్ణయిస్తున్నది. చారిత్రక ప్రాధాన్యం వుండి వందేళ్లు నిండిన వస్తువును ప్రయివేటు వర్తకుడు విదేశాలకు పంపరాదు. అటువంటి వస్తువుల వ్యాపారానికి లైసెన్సు వుండాలి. కాబట్టి లండను, న్యూయార్కు ధరలు చూసి ఇక్కడ పాట పెంచడం అవివేకం. 2019 జూన్‌లో న్యూయార్కులో క్రిస్టీస్ సంస్థ మొగలుల, మహారాజుల ఆభరణాలను వేలం వేయగా సుమారు 10.9 కోట్ల డాలర్లు వచ్చాయి. అది విదేశాలలో వున్న సరుకుకు వచ్చిన ధర. మన గిడ్డంగిలోని సరుకుకు అది వర్తించదు.

కనుక కోరదగినది ఇది. తుక్కు లాటు కట్టే ముందు పాత వస్తువులను వేరు చేయాలి. అపురూపమైనవి కంపెనీ తన వద్దే ప్రదర్శనకు వుంచుకోవాలి. మిగిలినవాటిని ఒక్కొక్కటిగా పాడించి, గని పేరు, నెంబరు, వాడిన కాలం తెలిపే ధ్రువపత్రం జతచేయాలి.

దీనికి రెండు ఆక్షేపణలు వినిపించవచ్చు. ఇంత చిన్న సరుకుకు సిబ్బంది కాలం వృథా అన్నది మొదటిది. టబ్బులు వేలాదిగా వుండవచ్చు గాని ఎంచదగినవి కొద్దిపాటివే. జాబితాకు పట్టే కాలం కూడా కొద్దిదే. ధర పెరిగితే దొంగతనం పెరుగుతుందన్నది రెండవది. ఇది కొట్టివేయదగినది కాదు. అయితే ధ్రువపత్రం లేని దీపాన్ని మార్కెట్టు ముట్టని రోజున దొంగసరుకుకు ఇత్తడి ధరే దక్కుతుంది. నెంబరు వేసిన సరుకే నిజాయితీపరుడైన వర్తకుడికి రక్ష.

పసుపు, పత్తి ఈ ఏడు అమ్ముడుపోతే వచ్చే ఏడు మళ్లీ పండుతాయి. తట్టా చెమ్మస్ కాలపు టోకెను మళ్లీ పండదు. ఒకసారి కొలిమికి చేరితే దానికి ఇక ఏ పాటా లేదు. వర్తకులు తుక్కు లాటు చూడబోయినప్పుడు కాటాతో పాటు జాబితా కూడా అడగడం మంచిది. కొనేవారు అడగనిదే అమ్మేవారు రాయరు.