సముద్రం మీద టోలుగేటు

కాలిఫోర్నియా నుంచి న్యూయార్క్‌కి ఉద్యోగం మారితే కారు తాళం తిప్పి బయల్దేరతాం. ఎన్ని రాష్ట్రాలు దాటినా "ఈ రోడ్డు మీద ఫలానా దేశంలో తయారైన లారీలే నడవాలి, నీ కారు ఆ లారీలోనే ఎక్కించాలి" అని ఎవడూ ఆపడు. అదే కాలిఫోర్నియా నుంచి అదే దేశంలో ఇంకో రాష్ట్రమైన హవాయికి మారితే ఆ మాటే అంటారు. అనేది ఒక చట్టం. వాడుకలో జోన్స్ యాక్ట్ అంటారు. 1920లో పుట్టింది. నూరేళ్ళు నిండినా దాని జోలికి ఎవరూ పోవడం లేదు. పోవాలని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలూ.

ద్వీపానికి కారు పంపడమంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ముందు ఆ తతంగం చెబుతాను. రేవు దగ్గర కారు అప్పగించే రోజు ముందే బుక్ చేసుకోవాలి. టాంకులో గ్యాసు పావు వంతుకి మించి ఉండకూడదు. కారులో సామాను ఉండకూడదు. "ఎలాగూ ఖాళీగానే పోతోంది కదా, వెనక సీట్లో గిన్నెలూ, ఆవకాయ జాడీ పెట్టేద్దాం" అనుకునే మన బుద్ధికి మొదటి దెబ్బ అక్కడే. కారు మీద అప్పు ఇంకా తీరకపోతే బాంకు నుంచి అనుమతి ఉత్తరం తేవాలి. కారు ఓడ మీద నాలుగైదు రోజులు ప్రయాణం చేస్తుంది గాని, ఇచ్చిన రోజుకీ చేతికొచ్చిన రోజుకీ మధ్య రెండు వారాలు గడిచినా ఆశ్చర్యపడక్కర్లేదు. హోనొలులులో దిగాక సేఫ్టీ చెక్కు చేయించుకోవాలి, కొత్తగా రిజిస్ట్రేషను చేయించుకోవాలి. ఆ రిజిస్ట్రేషనులో బండి బరువుని బట్టి వేసే పన్ను కూడా ఉంటుంది. ఇవన్నీ పడొచ్చు. కాగితాల పని మనకి కొత్తా? హెచ్-1 దగ్గర్నుంచి గ్రీన్ కార్డు దాకా కాగితాల మీద బతికినవాళ్ళమే.

నా గొడవ కాగితాలతో కాదు, కిరాయితో. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి హోనొలులుకి సుమారు 2,400 మైళ్ళు. అంత దూరం రోడ్డు మీద పోతే గాలనుకి 25 మైళ్ళిచ్చే బండికి 96 గాలన్లు కావాలి. గాలను 4 డాలర్లనుకున్నా 384 డాలర్లు. ఓడ మీద అదే కారుకి వెయ్యి డాలర్ల పైమాటే. బండి సైజూ, బయల్దేరే రేవూ బట్టి రెండు వేలు కూడా దాటవచ్చు. ఓడకి ఇంధనం కావాలి, మనుషులు కావాలి, రేవు ఖర్చులుంటాయి. ఊరికే మొయ్యమని నేను అనడం లేదు. కానీ ఆ కిరాయిలో ఎంత సముద్రానిది, ఎంత చట్టానిది అని అడిగే హక్కు ఉందంటున్నాను.

డల్లాస్‌లో ఉన్న మా బావగారితో ఈ మాట అంటే ఆయన పకపకా నవ్వారు. "స్వర్గానికి వెళ్తూ టోలు కట్టనంటే ఎలాగండీ? పోనీ కారు ఇక్కడ అమ్మేసి అక్కడ కొనుక్కోండి" అన్నారు. తెలివైన సలహాయే. మనవాళ్ళు చాలామంది చేసేదీ అదే. కాని అక్కడ దుకాణంలో నిలబెట్టిన కారు కొబ్బరిచెట్టుకి కాయలేదు కదా! అదీ ఓడ దిగిందే. మనం మిగుల్చుకున్నామనుకున్న కిరాయి దాని ధరలో దాక్కుని ఉంటుంది. కారొక్కటే అయితే ఒకసారి ఏడ్చి ఊరుకోవచ్చు. బియ్యం, కందిపప్పు, ఇంటికి వేసే చెక్క, ఆసుపత్రిలో మంచం, అన్నీ ఓడల మీదే వస్తాయి. హవాయిలో తినే తిండిలో 85 నుంచి 90 శాతం బయటినుంచి తెచ్చుకునేదేనని 2012 నాటి రాష్ట్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. కారు కిరాయి చీటీ మీద కనబడుతుంది కాబట్టి నాబోటివాడు గోల పెడతాడు. ఉల్లిపాయ మీద పడ్డ కిరాయికి చీటీ ఉండదు.

ఇంతకీ ఆ చట్టం ఏమంటుంది? అమెరికాలో ఒక రేవు నుంచి ఇంకో అమెరికా రేవుకి సరుకు మోసే ఓడ అమెరికాలోనే కట్టినదై ఉండాలి, అమెరికా వాళ్ళ సొత్తు అయి ఉండాలి, అమెరికా జెండా ఉండాలి, నడిపేవాళ్ళలో అత్యధికులు అమెరికా వాళ్ళే అయి ఉండాలి. కాబట్టి జపాన్‌లో తయారైన కొత్త కారు ఏ దేశపు ఓడ మీదైనా యొకొహామా నుంచి నేరుగా హోనొలులుకి రావచ్చు, చట్టం అడ్డు చెప్పదు. అదే కారుని ఓక్లాండ్‌లో కొని పదేళ్ళు నడిపి హోనొలులుకి పంపాలంటే మాత్రం ఆ ఓడ పుట్టుక జాతకం చూడాలి. అలాంటి జాతకం ఉన్న పెద్ద కంపెనీలు ఈ దారిలో రెండే.

ఈ చట్టం తెచ్చిన సెనేటర్ వెస్లీ జోన్స్ వాషింగ్టన్ రాష్ట్రంవాడు. అలాస్కా వ్యాపారం కెనడా వాళ్ళ చేతికి పోకుండా సియాటిల్ రేవుకే దక్కాలన్నది ఆనాటి లెక్కల్లో ఒకటి. 1920లో అలాస్కాకి గాని హవాయికి గాని కాంగ్రెసులో ఓటు లేదు. రెండూ టెరిటరీలు. ప్రతినిధులు మాట్లాడవచ్చు, చెయ్యెత్తడానికి లేదు. అలాస్కా కోర్టుకి వెళ్ళింది. 1922లో సుప్రీం కోర్టు చెప్పినదాని సారాంశం ఇది: ఒక రాష్ట్రపు రేవుకి ఇంకో రాష్ట్రపు రేవు కంటే ఎక్కువ మర్యాద చెయ్యకూడదన్న రాజ్యాంగ నియమం రాష్ట్రాలకే గాని టెరిటరీలకి వర్తించదు. 1959లో రెండూ రాష్ట్రాలయ్యాయి. చట్టం మాత్రం చెక్కు చెదరలేదు.

ఇక్కడ మనవాళ్ళలో కొందరికి స్వదేశీ గుర్తొస్తుంది. "మన దేశపు ఓడ, మన కార్మికుడు అనడం తప్పా? వాల్‌చంద్ హీరాచంద్ బ్రిటిష్ ఓడ కంపెనీలతో పోరాడాడు. విశాఖపట్నంలో ఓడల కార్ఖానా పెట్టాడు. 1948లో నెహ్రూ అక్కడ 'జల ఉష'ని నీళ్ళలోకి దింపితే దేశం పొంగిపోలేదా?" అంటారు. పొంగిపోయింది. విశాఖ వైపు వాళ్ళు ఆ కార్ఖానాని ఇంటి సొత్తులాగే చెప్పుకుంటారు. కాని ఆ కథకీ ఈ కథకీ పోలిక లేదు. అక్కడ బలహీనుడు తన తీరంలో తన ఓడ నడుపుకునే హక్కు కోసం బలవంతుడితో తలపడ్డాడు. ఇక్కడ ఓటు లేని ద్వీపం మీద ఓటున్న రేవు తన ఓడని రుద్దింది. పైగా భారతదేశంలో కూడా తీరం వెంట వ్యాపారం స్వదేశీ జెండాకే మొదట. అయినా ఆ ఓడ కొరియాలో కట్టారా, విశాఖలో కట్టారా అని అడగరు. విదేశీ ఓడకి లైసెన్సు ఇచ్చే వీలూ ఉంది. 2018లో కంటైనర్ల విషయంలో ఆ కట్టుబాటు కూడా సడలించారు.

ఈ చట్టంలో అసలు ముల్లు "ఇక్కడే కట్టాలి" అన్న ముక్కే. ఇక్కడ కట్టిన పెద్ద సరుకు ఓడ ఆసియాలో కట్టినదానికి నాలుగైదు రెట్లో ఇంకా ఎక్కువో పడుతుంది. హవాయికి సరుకు మోసే కంపెనీల్లో ఒకటి 2022లో మూడు ఓడలకి ఫిలడెల్ఫియాలోని కార్ఖానాతో సుమారు 100 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకుంది. అంటే ఒక్కో ఓడకీ 33 కోట్లు. తమాషా ఏమిటంటే, 2024 డిసెంబరులో దక్షిణ కొరియాకి చెందిన హన్వా సంస్థ ఆ కార్ఖానాని 10 కోట్ల డాలర్లకి కొనేసింది. ఒక ఓడ వెలలో మూడో వంతుకి మొత్తం కార్ఖానా! కొరియావాడు కొరియాలో కట్టిన ఓడ దేశానికి ప్రమాదం. అదే కొరియావాడు ఫిలడెల్ఫియాలో కడితే దేశభక్తి. దీని తర్కం ఎవరైనా నాకు బోధపరిస్తే సంతోషిస్తాను.

దేశ రక్షణ అంటారు. యుద్ధమొస్తే ఓడలూ, నావికులూ మనకి ఉండాలి, నిజమే. మరి నూరేళ్ళుగా ఈ చట్టం కాపాడిన ఓడలెన్ని? సముద్రం దాటగల పెద్ద ఓడలు దేశమంతటా లెక్కపెడితే వంద లేవు. కంచె వేసి కాపాడిన తోటలో చెట్లు తగ్గిపోతుంటే కంచెని మెచ్చుకోవడమెందుకు?

నావికుల మాట వేరు. ఆ వాదనని నేను తేలిగ్గా తీసుకోను. ఏదో ఒక దేశపు జెండాని అద్దెకి కట్టుకుని తిరిగే ఓడల్లో మన విశాఖ, శ్రీకాకుళం కుర్రాళ్ళు జీతాలు రాక, ఓనరు పత్తా లేక, రేవుల్లో నెలల తరబడి చిక్కుకుపోయిన కథలు వింటూనే ఉన్నాం. హవాయి దారిలో అలాంటి ఓడలు రావాలని నేను కోరను. అమెరికా నావికులు, అమెరికా జీతాలు, అమెరికా భద్రతా నియమాలు అన్నీ ఉండనివ్వండి. ఓడ ఎక్కడ కట్టారన్న ముక్క ఒక్కటి తీసెయ్యండి.

తీసేస్తే కిరాయి ఎంత తగ్గుతుందో చెప్పమంటారు. ప్యూర్టో రికో విషయంలో ప్రభుత్వ లెక్కల సంస్థ జి.ఏ.ఓ. 2013లో ఇదే పరిశీలించి, కచ్చితంగా తేల్చలేమంది. చట్టం పక్షంవాళ్ళు దాన్ని పట్టుకుని "చూశారా, నష్టం రుజువు కాలేదు" అంటారు. ఒకే కొట్టున్న ఊళ్ళో ధర ఎక్కువో కాదో ఎలా తేలుస్తారు? రెండో కొట్టు పెట్టనిస్తే కదా! 2017లో మరియా తుపాను ప్యూర్టో రికోని నేలమట్టం చేసినప్పుడు ఈ చట్టాన్ని పది రోజులపాటు పక్కన పెట్టారు. ఏ అడ్డూ కానిదాన్ని పక్కన పెట్టడమెందుకో. ఆ పక్కనే ఉన్న యు.ఎస్. వర్జిన్ దీవులకి అసలు ఈ చట్టమే వర్తించదు. అక్కడ ఆకాశం విరిగి పడలేదు.

ఇంకొంచెం ముందుకి వెళ్తాను. సముద్రాన్ని రోడ్డుగా చూడాలంటాను. నవ్వకండి. ఓహూ ద్వీపంలో హెచ్-1, హెచ్-2, హెచ్-3 అని మూడు 'ఇంటర్‌స్టేట్' రహదారులున్నాయి. చుట్టూ నీళ్ళు తప్ప పక్కన ఇంకో స్టేటు లేదు. హెచ్-3 ఒక్కదానికే వంద కోట్ల డాలర్లు దాటి ఖర్చుపెట్టి 1997లో తెరిచారు. చాలావరకు దేశం సొమ్మే. నిజంగా ఒక స్టేటు నుంచి ఇంకో స్టేటుకి తీసుకుపోయే దారి సముద్రమొక్కటే. దానికి మాత్రం మార్కెట్టు సూత్రాలు చెబుతారు, అదీ పోటీ లేని మార్కెట్టుకి!

ఇది నేను కొత్తగా కనిపెట్టిన వింత కాదు. అలాస్కా రాష్ట్రం 1963 నుంచి 'మెరైన్ హైవే' పేరుతో కార్లెక్కే ఓడలు నడుపుతోంది. పేరులోనే హైవే ఉంది. స్కాట్లాండ్‌లో 2008లో పడమటి దీవులకి ప్రయోగంగా ఒక పద్ధతి మొదలుపెట్టారు. అంత దూరం రోడ్డు మీద కారు నడిపితే ఎంతవుతుందో దాన్ని ఆధారం చేసుకుని ఓడలో కారు టిక్కెట్టు ధర కడతారు. తరవాత మిగతా దీవులకీ విస్తరించారు. అంతెందుకు, విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు) వెళ్ళే ప్రయాణికుల ఓడలో ద్వీపవాసులకి ఒక రేటు, బయటివాళ్ళకి ఒక రేటు. ద్వీపవాసుల రేటు తక్కువ. అక్కడ స్థిరపడ్డ శ్రీకాకుళం మనిషి అమ్మని చూడ్డానికి రావడం విలాసం కాదని ఆ బీద దేశానికి అర్థమైంది.

హవాయి నాయకులే ఈ చట్టాన్ని దశాబ్దాలుగా సమర్థించారన్నది నిజం. సెనేటర్ డేనియల్ ఇనౌయే అంతటివాడు గట్టిగా నిలబడ్డాడు. ఎత్తివేయాలని బిల్లు పెట్టింది ఎడారి రాష్ట్రమైన అరిజోనా సెనేటర్ జాన్ మెకెయిన్. ఓడ కంపెనీలూ, యూనియన్లూ రాజధానిలో తలుపు తట్టగలవు. ఉల్లిపాయ కొనేవాడు తట్టలేడు.

ఓడలు నడపడమొక్కటే చాలదు, అడిగి నడపాలి. 2007లో ఓహూ, మావీ ద్వీపాల మధ్య కార్లెక్కించుకునే సూపర్‌ఫెర్రీ మొదలైంది. పర్యావరణ పరిశీలన లేకుండా రాష్ట్ర ప్రభుత్వం దాన్ని తోసుకొచ్చింది. కవాయి ద్వీపంలో జనం సర్ఫింగ్ బోర్డుల మీద రేవుకి అడ్డంగా నీళ్ళలో నిలబడ్డారు. 2009లో రాష్ట్ర సుప్రీం కోర్టు తీర్పుతో ఓడ ఆగిపోయింది. జనానికి ఓడంటే పగ కాదు, అడక్కుండా రావడమంటే పగ. 1893లో వాళ్ళ రాణి లిలియువొకలానిని గద్దె దింపిన నాటినుంచీ వాళ్ళని అడక్కుండా జరిగినవి చాలా ఉన్నాయి.

మా బావగారి స్వర్గం మాటకి జవాబు ఇక్కడుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం హవాయి మూలవాసుల్లో సగానికి పైగా హవాయి బయటే ఉంటున్నారు. లాస్ వేగస్‌ని 'తొమ్మిదో ద్వీపం' అంటారు. ఇంటి అద్దె, భూమి ధర, జీతాలు, కారణాలు చాలా ఉన్నాయి. అన్నిటినీ ఓడ మీద తోసెయ్యను. కాని వేగస్‌లో స్థిరపడ్డ మూలవాసి కుర్రాడు ముసలి తల్లిదండ్రుల కోసం పెళ్ళాం పిల్లలతో తిరిగి రావాలనుకుంటే విమానం టిక్కెట్ల తరవాత అడ్డం వచ్చే లెక్క ఈ కారే. బస్సు కోసం చూసుకుంటూ రెండు ఉద్యోగాలు చెయ్యలేడు. సొంతూరికి వెళ్ళడానికి టోలు కట్టేవాడు అతను. నేను కాదు.

మన మహాసభలకి కాంగ్రెసు సభ్యుల్ని పిలుస్తాం, శాలువాలు కప్పుతాం, ఫొటోలు దిగుతాం. వీసాల మాట, గ్రీన్ కార్డు క్యూల మాట తప్పకుండా ఎత్తుతాం. ఎత్తాలి కూడా. వచ్చేసారి శాలువా కప్పి చెయ్యి వదిలే ముందు ఇంకొక్క ప్రశ్న వెయ్యండి: హోనొలులు వెళ్ళే ఓడ ఎక్కడ కట్టారో మీకెందుకండీ?