విరిగినది పెడల్, బిగిసినది కేబుల్



మా సంఘానికి ఒక పాత మారుతి 800 కారు ఉన్నది. ఈ కారు తయారీ 1983లో మొదలై 2014 జనవరిలో ఆగిపోయింది. అయినా మా బండి ఈనాటికీ గ్రామ కూడికలకు మమ్మును చేరవేస్తూనే ఉన్నది.

గత వేసవిలో ఒక శనివారం రాత్రి, పక్క గ్రామంలో గృహ కూడిక ముగించుకొని వస్తున్నాము. వెనుక సీటులో ఇద్దరు వృద్ధ సహోదరీలు ఉన్నారు. చెరువు గట్టు మలుపు దగ్గర గేరు మార్చడానికి క్లచ్ తొక్కగానే టక్కుమని చప్పుడైంది. పెడల్ నేలకు పడిపోయింది. కాలితో పైకి లేపితే పట్టు లేక ఊగుతున్నది. బ్రేకు తొక్కేసరికి ఇంజను ఆగిపోయింది. ప్రార్థన చేసుకొని, మొదటి గేరు వేసి అలాగే తాళం తిప్పాము. బండి ఒక్క కుదుపుతో కదిలింది. ఆ ఒక్క గేరులోనే, ఎద్దుబండి నడకలో, ఇల్లు చేరాము. ఖాళీ దారిలో, ఆపద సమయంలో తప్ప ఎవరూ ఇలా చేయకూడదు.

సోమవారం మెకానిక్ పెద్దాయన వచ్చి చూశాడు. కేబుల్ తగిలించే కొక్కెం దగ్గర పెడల్ పగిలి ఊడిపోయింది. ఆయన పెడల్‌ను పూర్తిగా విప్పి బయటకు తీశాడు. కారులోనే ఉంచి వెల్డింగ్ చేస్తే నిప్పురవ్వలు పడి వైర్లు, కింద పరచిన గుడ్డ అంటుకుంటాయట. పగులును లోతుగా అరగదీసి, రెండు వైపులా వెల్డింగ్ పెట్టి, పైన చిన్న ఇనుప పట్టీ అతికించాడు. తిరిగి బిగిస్తూ, "అయ్యగారూ, కేబుల్ కూడా మార్చుకుంటే మంచిది, బాగా బిగుసుకుపోయింది" అన్నాడు. వచ్చే నెల చూద్దామని చెప్పి పంపివేశాము.

మూడు నెలలు గడిచేసరికి వెల్డింగ్ పక్కనే మరల విరిగింది. "మీ వెల్డింగ్ నిలువలేదే" అన్నాము, కొంచెం విసుగుగానే. ఆయన మారు మాటాడక కేబుల్ విప్పి, లోపలి తీగ కొసను మా చేతికిచ్చి లాగి చూడమన్నాడు. తొడుగులో సులువుగా జారవలసిన తీగ, రెండు చేతులతో లాగినా గీరుకుంటూ వచ్చింది. లోపలంతా తుప్పు, దుమ్ము.

"పెడల్ తప్పేమీ లేదయ్యగారూ. కేబుల్ బిగిసేకొద్దీ మీరు ఇంకా గట్టిగా తొక్కారు. ఆ బరువంతా ఈ చిన్న కొక్కెమే మోసింది. విరిగింది మీకు కనబడే చోట, జబ్బు కనబడని చోట" అన్నాడు.

ఈసారి కొత్త కేబుల్ వేశాడు. పెడల్ ఊగే ఇరుసుకు అరిగిన బుష్‌లు మార్చి గ్రీజు పెట్టాడు. గేర్‌బాక్సు దగ్గరి నట్టు తిప్పి, పెడల్ సుమారు రెండు సెంటీమీటర్లు బరువు తెలియకుండా దిగేలా సరిచేశాడు. ఆ కాస్త వదులు లేకపోతే క్లచ్ పూర్తిగా పట్టదు, ప్లేటు త్వరగా అరిగిపోతుంది. ఇప్పుడు అరచేతితో నొక్కినా పెడల్ దిగుతున్నది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆయన మాట బండితో ఆగలేదు.

అంతకు రెండు వారాల క్రిందట మా సహధర్మచారిణి అన్నం గిన్నె చేజారి ఒలికిపోయినందుకు వంటింట్లో కూర్చొని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత చిన్నదానికి ఏడుపెందుకని మందలించి, ఓర్పు కొరకు ప్రార్థించి, మా పని మేము చూసుకున్నాము. విరిగిన చోట అతుకు వేశామే గాని, ఎందుకు విరిగిందో అడుగలేదు.

మరునాడు ఉదయం అడిగాము. మంచాన పడిన మా తల్లిగారిని పక్కకు తిప్పడానికి ఆమె రాత్రికి మూడుసార్లు లేస్తున్నది. తెల్లవారితే ఇంటి పని. ఆదివారమైతే దూరం నుండి వచ్చేవారందరికీ భోజనం, ఆపైన సండే స్కూలు. ఒకే ఇంట్లో ఉండి, ఆ మూడుసార్లలో ఒక్కసారి కూడా మాకు మెలకువ రాలేదు. ఈ మాట వ్రాయడానికి సిగ్గుపడుతున్నాము.

నిర్గమకాండము 18వ అధ్యాయములో యిత్రో తన అల్లుడైన మోషేను చూడవచ్చాడు. ఉదయం మొదలు సాయంత్రం వరకు ప్రజలందరి వ్యాజ్యెములను ఒక్కడే తీర్చుట చూసి, ఇంకా ఓర్చుకొమ్మని చెప్పలేదు. నీవు నలిగిపోతావని హెచ్చరించి, ఆ పనిని పంచుకొనుటకు మనుష్యులను నియమించమన్నాడు. మోషే దైవజనుడే, ప్రార్థనాపరుడే. అయినా అతనికి కావలసినది భారము తగ్గుట. మోషే మామ మాట విని అలాగే చేశాడు.

ఇప్పుడు రాత్రి రెండుసార్లు మేము లేస్తున్నాము, ఒకసారి ఆమె. ఆదివారం వంటను స్త్రీల సమాజపు సహోదరీలు వంతులు వేసుకున్నారు. గిన్నెలు ఇప్పుడూ అప్పుడప్పుడు ఒలుకుతాయి, ఎవరూ ఏడవడం లేదు.

ప్రియులారా, మీ ఇంట్లో ఊరకే విసుక్కునే కోడలు, చదువుమీద మనసు నిలపని పిల్లవాడు, మాట్లాడడం మానేసిన తండ్రి ఉన్నారా? గద్దించకముందు, ప్రార్థనకు మోకరించకముందు కూడా, ఒక్క మాట అడగండి: "నీమీద ఏ బరువు ఉన్నది?" జవాబు పూర్తయ్యేవరకు వినండి. అందులో మీరు మోయగలిగినది ఏదో ఒకటి ఆ రోజే ఎత్తుకోండి. అటు తరువాత కలిసి ప్రార్థించండి.

ఒకరి భారము ఒకరు మోయు కృపను దేవుడు మన గృహములన్నిటికి దయచేయును గాక. ఆమేన్.